ఉగాది మర్నాడు ఫ్రెంచి పండగ

తాళ్ళరేవులో ఒక పెంకుటింటి అరుగు. ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరైన మాష్టారు పడక్కుర్చీలో కూర్చున్నారు. ఆయన మేనకోడలు హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో ఫ్రెంచి చెబుతుంది. రెండు రోజులుండి పోదామని వచ్చింది. చార్టులు, రంగు పెన్నులు, పిల్లలు రాసిన కాగితాలు కూడా వెంట తెచ్చుకుంది. 2026లో ఉగాది మార్చి 19న. మర్నాడు, 20న, అంతర్జాతీయ ఫ్రాంకోఫోనీ దినం, అంటే ఫ్రెంచి మాట్లాడే దేశాల పండగ. బడిలో ఆ పండగ జరపడం గురించి ఆ మధ్యాహ్నం ఇద్దరి మధ్యా నడిచిన సంవాదం ఇది.

మామయ్య: ఏంటమ్మా ఆ అట్టముక్కలు?

మేనకోడలు: ఈఫిల్ టవర్ మామయ్యా. ఎనిమిదో తరగతి పిల్లలు చేశారు. కాళ్ళు ఊడొస్తుంటే అంటిద్దామని తెచ్చాను.

మామయ్య: నీ బడి ఫోటోలు ఏటా చూస్తూనే ఉన్నాను. ఒక టవరు, నెత్తిన గుండ్రటి టోపీ, నీలం తెలుపు ఎరుపు కాగితాలు, బల్ల నిండా కేకులు. పిల్లలు వేషం కడతారు, తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుంటారు. భాషా పండగ అంటారు గానీ అందులో భాష ఎక్కడుందో నాకు కనిపించదు.

మేనకోడలు: కాదనను. మొదటి రెండేళ్ళూ నేను చేయించింది అదే. కానీ ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఆగస్టు 29న గిడుగు వారి జయంతికి మన బళ్ళలో జరిగేదేంటి? మగపిల్లలకు పంచె, ఆడపిల్లలకు లంగా ఓణీ, నాలుగు పద్యాలు, ఒక శాలువా. అదీ వేషమే కదా?

మామయ్య: తేడా ఉందమ్మా. పంచె కట్టిన పిల్లాడు ఇంటికెళ్ళి అమ్మతో తెలుగే మాట్లాడతాడు. నీ టోపీ పెట్టుకున్నవాడు ఇంటికెళ్ళి ఫ్రెంచి మాట్లాడడు. ఉన్నదాన్ని గుర్తుచేయడం వేరు, లేనిదాన్ని తెచ్చి నెత్తిన పెట్టడం వేరు. పైగా వాడి చేతికి తెలుగు పేపరిచ్చి ఒక పేరా చదవమను. ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. ఇంటర్‌కి వచ్చేసరికి తెలుగు వదిలేసి ఫ్రెంచో సంస్కృతమో తీసుకుంటాడు. ఆ భాష మీద ప్రేమతోనా? కాదు, మార్కులు దండిగా పడతాయని. పదో తరగతిలో నా ఎదుట పోతన పద్యాలు గడగడా అప్పజెప్పిన పిల్లలే, రెండేళ్ళు తిరిగేసరికి తెలుగులో ఉత్తరం ముక్క రాయలేక నా దగ్గరికొచ్చారు. నా కడుపుమంట అదీ.

మేనకోడలు: ఆ విషయంలో మీతో వాదించను మామయ్యా. మార్కుల కోసం ఫ్రెంచి చదివిన పిల్లలు నాకు తెలుసు. రెండేళ్ళు చదివి, నూటికి తొంభై పైన తెచ్చుకుని, మంచినీళ్ళు కావాలని ఫ్రెంచిలో అడగలేని వాళ్ళున్నారు. అది తెలుగుకు ఎంత అన్యాయమో ఫ్రెంచికీ అంతే అన్యాయం. తెలంగాణలో 2018 చట్టం బళ్ళలో పదో తరగతి దాకా తెలుగు ఉండి తీరాలంది. ఆ తర్వాత రెండేళ్ళూ కూడా ఉండాలనే నేనూ కోరుకుంటాను. కానీ ఆ తప్పు, మార్కులతో భాషను కొనుక్కునే పద్ధతిది. తరగతిలో నేను చెప్పే ఫ్రెంచి తెలుగుకు పోటీ కాదు.

మామయ్య: ఎలా కాదు?

మేనకోడలు: ఫ్రెంచిలో ‘తు’, ‘వూ’ అని రెండు మాటలున్నాయి. ఒకటి నువ్వు, రెండోది మీరు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట కాబట్టి, ఇంగ్లీషులో ఎంత చెప్పినా ఆ తేడా పిల్లలకు పట్టుబడదు. ‘మీ తాతగారితో ఎలా మాట్లాడతావు, తమ్ముడితో ఎలా మాట్లాడతావు?’ అని తెలుగులో అడిగితే ఒక్క క్షణంలో పట్టుకుంటారు. ఫ్రెంచి చెప్పడానికి నాకు ఇంగ్లీషు కన్నా తెలుగే ఎక్కువ అక్కరకొస్తుంది. ఇంట్లో తెలుగు గట్టిగా ఉన్న పిల్లే నా తరగతిలో ముందుంటుంది.

మామయ్య: ఆ మాట బాగుంది. సరే, చదువు చదువే. పండగ ఎందుకు? పండగ చేసుకోవాలంటే ఆ భాష మనకేం చేసిందో చూడాలి కదా. ఇక్కణ్ణించి యానాం ఎంత దూరం? బస్సెక్కితే దిగడమే. 1723లో ఫ్రెంచివాళ్ళు అక్కడ కాలు పెట్టారు. చుట్టూ ఊళ్ళన్నీ 1947లో జెండా ఎగరేసుకుంటే, ఆ ఒక్క ఊరు ఇంకో ఏడేళ్ళు పరాయి జెండా కింద ఉండిపోయింది. మీ అమ్మమ్మ పెళ్ళి యానాంలో ఎందుకు చేశారో తెలుసా?

మేనకోడలు: తెలుసు. బాల్యవివాహాలు వద్దన్న శారదా చట్టం అక్కడ చెల్లదని. అమ్మమ్మ చెప్పేది, ఎడ్లబండిలో నిద్రపోతూ వెళ్ళిందట. కళ్ళు తెరిచేసరికి పందిరి.

మామయ్య: పదేళ్ళ పిల్ల! బ్రిటిషు ఇండియాలో నేరమైన పనిని రేవు దాటినట్టు దాటి అక్కడ చేసుకొచ్చేవారు. కల్యాణపురమని పేరు కూడా పెట్టారు ఆ ఊరికి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య లాంటివాళ్ళు ముందుండి ఆ పాలనను దించారు. అదే ఏడాది నవంబరు 1న యానాం మన చేతికొచ్చింది, చట్టప్రకారం విలీనమయ్యేసరికి 1962 ఆగస్టు 16. ఆ పోరాటం చేసినవాళ్ళ ఊరి పక్కన పుట్టి, నువ్వు మూడు రంగుల కాగితాలు కత్తిరిస్తున్నావు.

మేనకోడలు: ఆ కథ పిల్లలకు చెప్పాలా, వద్దా?

మామయ్య: చెప్పకపోతే ఎలా?

మేనకోడలు: ఎప్పుడు చెబుతాం మామయ్యా? సాంఘికశాస్త్రంలో ఫ్రెంచి పాలన నాలుగు లైన్లలో అయిపోతుంది. ఫ్రెంచి పుస్తకంలో కెఫేలు, మ్యూజియంలు ఉంటాయి, యానాం ఉండదు. ఏడాదిలో ఒక్క రోజు, ఈ పండగ రోజు, పుస్తకం మూసి పిల్లలతో మాట్లాడటానికి నాకు వీలు దొరుకుతుంది. ఆ వీలు వదులుకోమంటారా?

మామయ్య: వీలు మంచిదే. కానీ ఆ పండగ పునాదే నాకు అనుమానం. పేపర్లో చదివాను. నైజర్, మాలి, బుర్కినా ఫాసో, మూడు దేశాలు 2025 మార్చిలో ఆ ఫ్రాంకోఫోనీ కూటమి నుంచి బయటికొచ్చేస్తున్నామన్నాయి. అసలు ఆ కూటమి పుట్టింది నైజర్ రాజధానిలోనే కదా?

మేనకోడలు: అవును, నియామేలో, 1970 మార్చి 20న. మేం జరిపేది ఆ తేదీనే.

మామయ్య: పురుడు పోసిన ఇల్లే వద్దన్న పండగను నువ్వు హైదరాబాదులో చేస్తానంటావు!

మేనకోడలు: ఆ మూడు చోట్లా సైన్యం గద్దెనెక్కాక తీసుకున్న నిర్ణయమది. అయినా దాన్ని కొట్టిపారెయ్యను. మాలి 2023లో కొత్త రాజ్యాంగం రాసుకుని ఫ్రెంచిని అధికార భాష హోదా నుంచి తప్పించింది. అంత కోపం ఎందుకొచ్చిందో పిల్లలకు తెలియాలి. అయితే రెండో వైపు కూడా చూడండి. ఫ్రాంకోఫోనీ అనే మాటను 1880లో పుట్టించింది వలస పాలనను సమర్థించిన ఒనెజిమ్ రెక్లూ అనే ఫ్రెంచి భూగోళ శాస్త్రవేత్త. తొంభై ఏళ్ళ తర్వాత ఆ మాటకు ఒక సంస్థ రూపమిచ్చింది మాత్రం పారిస్ కాదు. సెనెగల్ నుంచి సెంఘోర్, ట్యునీషియా నుంచి బూర్గిబా, నైజర్ నుంచి దియోరి, కంబోడియా నుంచి సిహనూక్ పట్టుబట్టారు. అప్పుడప్పుడే స్వతంత్రమైన దేశాల నాయకులు వాళ్ళు. దొర వదిలిపోయిన భాషను దొరకే వదిలెయ్యం, మా పనికి వాడుకుంటాం అన్నారు.

మామయ్య: ఇంగ్లీషు గురించి మనమూ అలాగే అన్నాం. ఏం జరిగిందో చూస్తున్నాం కదా. ముందు పనికి వాడుకుంటాం, తర్వాత అది మనల్ని వాడుకుంటుంది.

మేనకోడలు: ఆ భయం నాకూ ఉంది. అందుకే ఫ్రెంచి అంటే పారిస్ అన్న భ్రమ ముందు పోవాలంటాను. ప్రపంచంలో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు సుమారు 32 కోట్లని 2022 లెక్క. అందులో సగానికి పైగా ఆఫ్రికావాళ్ళు. కాంగోలోని కిన్షాసా జనాభాలో పారిస్‌ని దాటిపోయింది. అట్టముక్కల టవర్ ఆ పిల్లలకు ఏమవుతుంది? నా తరగతి పిల్లలకు ఏమవుతుంది?

మామయ్య: అయితే ఆ భాష తన సొంత ఇంట్లో ఏం చేసిందో కూడా చెబుతావా? మనవడి పన్నెండో తరగతి ఇంగ్లీషు పుస్తకం తీసి చూశాను. మొదటి పాఠమే ఆల్ఫోన్స్ దోదే కథ. అల్సాస్‌ని జర్మన్లు గెలుచుకుని బళ్ళలో ఫ్రెంచి ఆపించిన రోజు గురించి. నేను మాష్టర్ని కదా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. తర్వాత ఒక పుస్తకంలో చూస్తే, ఆ అల్సాస్ పల్లెల్లో పిల్లలు ఇంట్లో మాట్లాడింది ఫ్రెంచి కాదట. అల్సాషియన్ అనే జర్మన్ మాండలికమట. ఆ పిల్లల ఇంటి భాష కోసం ఏడ్చినవాళ్ళెవరూ లేరు.

మేనకోడలు: అంతకన్నా ఘోరం కూడా ఉంది. 1794లో అబ్బే గ్రెగువార్ అనే ఆయన ఫ్రాన్సులోని ప్రాంతీయ భాషలను నిర్మూలించాలని నివేదిక రాసి ప్రతినిధుల సభకు ఇచ్చాడు. తర్వాత బ్రిటనీ బళ్ళలో బ్రెటన్ మాట్లాడిన పిల్లాడి మెడలో ఒక కొయ్యముక్కో పాత చెప్పో కట్టేవారు. వాడు ఇంకొకడు బ్రెటన్ మాట్లాడితే పట్టిచ్చి, దాన్ని వాడి మెడకు మార్చాలి. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. అదే పద్ధతిని పశ్చిమాఫ్రికా బళ్ళకు పట్టుకెళ్ళారు. ఫ్రాన్సులోని ఆ ప్రాంతీయ భాషల్లో కొన్నిటిని బడిలో చెప్పుకోవచ్చని అక్కడి చట్టం ఒప్పుకునేసరికి 1951 వచ్చింది.

మామయ్య: మెడలో కట్టడం... 2009లో కడప జిల్లాలో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు కట్టిన వార్త గుర్తుందా? ఆ రోజు అన్నం సయించలేదు నాకు.

మేనకోడలు: ఆ రెండూ పక్కపక్కన పెట్టి పోయినేడు పిల్లలకు చెప్పాను. చెప్పి, సెనెగల్ గురించి మొదలుపెట్టాను. అక్కడ బడిలో ఫ్రెంచి, బజారులో, ఇంట్లో ఎక్కువమందికి వోలోఫ్. వోలోఫ్‌లో ‘ఎలా ఉన్నావు?’ అనడానికి ‘నంగా దెఫ్’ అంటారు. దానికి జవాబు ‘మంగి ఫి’. అంటే ‘ఇక్కడే ఉన్నాను’ అని. ఆ మాట బోర్డు మీద రాయగానే వెనక బెంచీ పిల్లాడు, ‘టీచర్, మా నాయనమ్మ కూడా అంతే. ఎట్లున్నావంటే, ఏదో ఉన్న బిడ్డా అంటది’ అన్నాడు. తరగతంతా ఒక్కసారి కదిలింది. అప్పుడొక పిల్ల లేచి నిలబడింది. ఏడాదిగా నోరు విప్పని పిల్ల. ‘మా ఇంట్లో లంబాడీ మాట్లాడతాం టీచర్. బయట తెలుగు, బడిలో ఇంగ్లీషు. నేనూ సెనెగల్ పిల్లలాగే’ అంది. దాని ఇంటి భాష లంబాడీ అని అప్పటిదాకా నాకే తెలియదు మామయ్యా. పక్క బెంచీ పిల్లకి కూడా తెలియదు. ఆ రోజు దాని చేత లంబాడీలో పది మాటలు బోర్డు మీద రాయించాను, తెలుగు లిపిలో. ఇవిగో, ఈ కాగితం.

మామయ్య: ఏదీ, కళ్ళజోడు ఇటివ్వు. ... అక్షరం గుండ్రంగా ఉంది. ఒత్తులు సరిగ్గానే పెట్టింది.

మేనకోడలు: ఇది ఫ్రెంచి పండగ రోజున జరిగింది. మీరు ఆరాధించే గిడుగు వారు ఏం చేశారు మామయ్యా? తెలుగు కోసం పోరాడింది ఆయనే. అంతకు ముందే కొండల మీది సవరల భాష నేర్చుకున్నది ఆయనే. వాళ్ళ పిల్లల కోసం సొంత డబ్బుతో బళ్ళు పెట్టించి, సవర వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. ఒక భాషను నిజంగా ప్రేమించినవాడికి ఇంకో భాష శత్రువుగా కనిపించలేదు.

మామయ్య: ఆ పేరెత్తితే నేనేం మాట్లాడగలను? కానీ గిడుగు వారు వెళ్ళింది బలం లేని భాష దగ్గరికి. నువ్వు పిల్లల్ని తీసుకెళ్తున్నది బలమున్న భాష దగ్గరికి. ఆ తేడా మర్చిపోకు.

మేనకోడలు: మర్చిపోను. మీరన్నది నిజం. అందుకే ఆ బలం ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చెప్పాలి. ఈసారి బల్ల మీద కేకులు తీసేస్తున్నాను. గుమ్మడికాయ సూపు పెడుతున్నాను.

మామయ్య: గుమ్మడికాయ?

మేనకోడలు: హైతీ దేశంలో జనవరి 1న ఇంటింటా కాచే సూపు. సూప్ జుమూ అంటారు. ఫ్రెంచి తోటల్లో ఆఫ్రికా బానిసలు దాన్ని వండి దొరల బల్ల మీద పెట్టేవారు. తాము మాత్రం ముట్టకూడదు. 1804 జనవరి 1న ఆ బానిసలే స్వతంత్రులై దేశం ప్రకటించుకున్నారు. ఆ రోజు నుంచి ఆ సూపు తాగడమే వాళ్ళ స్వాతంత్ర్య పండగ. 2021లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. అయితే కథ అక్కడితో అయిపోలేదు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, పోయిన తోటలకీ బానిసలకీ పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించారు. ఆ బాకీ కోసం తెచ్చిన అప్పులు 1947 దాకా తీరలేదు.

మామయ్య: స్వేచ్ఛ గెలుచుకున్నవాడే వెల కట్టాడన్నమాట. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదికి గానీ వాళ్ళ అప్పు తీరలేదు.

మేనకోడలు: అవును. సూపు తాగుతూ పిల్లలు ఆ కథ ఫ్రెంచిలో చదువుతారు. చిన్న చిన్న వాక్యాలు, వాళ్ళకు వచ్చినవే. సెనెగల్ అన్నం కూడా ఉంది, చేపలతో నూకలు వండుతారు. ఆ నూకల వెనక కూడా కథే. ఫ్రెంచివాళ్ళు సెనెగల్ రైతుల చేత వేరుశనగ వేయించి నూనెకి పట్టుకెళ్ళారు. తిండికి ఇండోచైనా నుంచి నూకలు తెచ్చి అమ్మారు. వేరుశనగ, నూకలు. అనంతపురం నుంచి వచ్చిన పిల్లాడికి ఈ పాఠం నేను చెప్పక్కర్లేదు.

మామయ్య: నువ్వు చెప్పేదంతా దుఃఖమే. మరి పండగెందుకంటావు?

మేనకోడలు: దుఃఖంతో పాటు వాళ్ళు సాధించింది కూడా ఉంది కాబట్టి. సెంఘోర్ ఫ్రెంచి వ్యాకరణం బోధించే అర్హత పరీక్ష నెగ్గి ఫ్రెంచి పిల్లలకే పాఠాలు చెప్పాడు. కవి అయ్యాడు, 1960లో సెనెగల్ మొదటి అధ్యక్షుడయ్యాడు, 1983లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికైన మొదటి ఆఫ్రికావాడయ్యాడు. హైతీ 1987 రాజ్యాంగంలో ఫ్రెంచి పక్కన తమ ఇంటి భాష క్రెయోల్‌ని కూడా అధికార భాషగా నిలబెట్టుకుంది. ఇక కెనడాలో క్విబెక్ ఉంది. మీకు అదే నచ్చుతుంది. చుట్టూ ఇంగ్లీషు సముద్రం. మధ్యలో వాళ్ళు 1977లో 101వ నంబరు చట్టం తెచ్చారు. ఆఫీసులో, కర్మాగారంలో, దుకాణం బోర్డు మీద ఫ్రెంచి ఉండాలి. వలస వచ్చినవాళ్ళ పిల్లలు ఫ్రెంచి బడికే వెళ్ళాలి. గొడవలయ్యాయి, కోర్టులకెళ్ళారు, సవరణలొచ్చాయి. కానీ భాష నిలబడింది.

మామయ్య: దుకాణం బోర్డు మీద తెలుగు రాయండని మనం ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాం! వాళ్ళు చేసి చూపించారా?

మేనకోడలు: చేసి చూపించారు. ఫ్రెంచి చదివిన పిల్ల అది తెలుసుకుని, మన వీధిలో బోర్డుల వంక చూస్తే చాలు. ఆ పని ఈసారి పిల్లలకు ఇచ్చాను. ఇంటి నుంచి బడి దాకా ఎన్ని బోర్డులు, ఎన్నిట్లో తెలుగు, లెక్క రాసుకురమ్మన్నాను.

మామయ్య: మంచి పని. అయినా ఒక మాట మీద నేను దిగిరాను. మూడో భాషకు చోటు ఉంటే ముందు పక్కవాడి భాష ఉండాలి. కన్నడం, ఒరియా, తమిళం, గోండి. బళ్ళారి వెళ్ళి బోర్డు చదువుకోలేని పిల్లాడికి ఫ్రెంచి ముందెందుకు?

మేనకోడలు: ఆ చోటు పంచడం నా చేతిలో లేదు. నా బడిలో కన్నడం చెప్పేవాళ్ళు లేరు. పెడితే నేనే మొదటి బెంచీలో కూర్చుంటాను. మీ మాట సబబే, నా పనీ తప్పు కాదు. అది అలాగే ఉండనిద్దాం. కానీ దూరపు భాష అన్నారు చూడండి, అది మీ ఇంటికి ఎంత దూరమో చెప్పనా? పక్కనే కోరంగి.

మామయ్య: 1839 తుపానుకి కొట్టుకుపోయిన రేవు.

మేనకోడలు: ఈ తీరం నుంచి ఓడలెక్కిన మన కూలీలు ఎక్కడికెళ్ళారు? చాలామంది బర్మాకి. కొందరు మారిషస్ చెరకు తోటలకి. ఆ దీవి బ్రిటిషువాళ్ళ చేతికి వెళ్ళినా జనం నోట్లో ఫ్రెంచి, క్రెయోల్ ఉండిపోయాయి. మారిషస్ ఫ్రాంకోఫోనీ దేశం. అక్కడ మన తెలుగువాళ్ళ మునిమనవలు ఇంట్లో మాట్లాడేది క్రెయోల్, చదివే పేపరు ఎక్కువగా ఫ్రెంచి. అయినా ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. బళ్ళలో తెలుగు చెబుతారు. ఆ పిల్లలకు మా పిల్లలు ఉత్తరం రాయాలనుకుంటే ఏ భాషలో రాయాలి?

మామయ్య: సగం తెలుగులో, సగం ఫ్రెంచిలో.

మేనకోడలు: అదే రాస్తున్నారు. ఆ తెలుగు సగం దిద్దిపెట్టమని అడగడానికే మీ దగ్గరికొచ్చాను. పారిస్‌లో ఇనాల్కో అని తూర్పు దేశాల భాషలు చెప్పే పాత విద్యాలయం ఉంది, అక్కడ తెలుగు చెబుతారు. మన శ్రీశ్రీ ఫ్రెంచి సర్రియలిస్టుల కవితలు తెలుగులోకి తెచ్చారు. దారి రెండు వైపులా ఉంది మామయ్యా. మనం ఒక వైపే నడవక్కర్లేదు.

మామయ్య: ఆ ఉత్తరాలు ఇలా తే. ఎర్ర పెన్ను గూట్లో ఉంటుంది. ఇంకో మాట. ఈ పండగ రోజున పిల్లలకు యానాం గురించి ఎవరు చెబుతారు?

మేనకోడలు: మీరొచ్చి చెబితే బాగుంటుంది.

మామయ్య: మీ అమ్మమ్మ పెళ్ళి కథ చెబుతాను. రమణయ్య కథ చెబుతాను. ఫ్రెంచివాళ్ళు పోతూ పోతూ చేసుకున్న ఒప్పందంలో ప్రజాప్రతినిధులు వద్దనేదాకా అక్కడ ఫ్రెంచి అధికార భాషగా ఉంటుందని రాసుకున్న సంగతీ చెబుతాను. తెలుగులోనే చెబుతాను. నువ్వు ఫ్రెంచిలో చెప్పు. అయితే ఒక షరతు. ఆ అట్ట టవర్ బల్ల మధ్యలో వద్దు.

మేనకోడలు: చేసిన పిల్లలు బాధపడతారు మామయ్యా. పక్కన పెడతాను. మధ్యలో గుమ్మడికాయ పెడతాను.

మామయ్య: ఉగాది పచ్చడి మిగిలితే అదీ తీసుకొస్తాను.

ఆ సాయంత్రం మాష్టారు ఇరవై ఆరు ఉత్తరాలు దిద్దారు. ఇలాంటి పండగ జరిపే బళ్ళు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. ఫ్రెంచి అయినా, జర్మన్ అయినా, జపనీస్ అయినా, ఆ రోజున టీచర్లు పిల్లల్ని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ భాష ఆ మనుషుల దగ్గరికి ఎలా వచ్చింది? మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి లేచిన పిల్లకు బోర్డు, సుద్దముక్క ఇవ్వండి.